బియ్యం డబ్బాలో మతాబులు

కాకినాడలో దీపావళికి వాన పడుతుందా అని ఎవరూ అడగరు. పండగలోపు వదులుతుందా లేదా అని అడుగుతారు. అక్టోబరు సగం దాటేసరికి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, బంగాళాఖాతంలో ఎక్కడో ఓ వాయుగుండం పుడుతుంది. అది మద్రాసు వైపు వెళ్తుందో, ఒరిస్సా వైపు వెళ్తుందో, మన మీదికే వస్తుందో తేలేవరకూ మా వీధి పిల్లలందరికీ టెన్షనే. చిత్త, స్వాతి కార్తెలు వస్తే పెద్దవాళ్ళకి చేలు గుర్తొచ్చేవి, మాకు టపాసులు గుర్తొచ్చేవి.

అప్పట్లో మేం రామారావుపేటలో ఓ పెంకుటింట్లో వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. ముందు వాటాలో ఇంటిగలావిడ, మామ్మగారు. మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాన్నగారి ఉద్యోగం వల్ల కాకినాడ వచ్చాం. ఊళ్ళో ఉన్న మా నాయనమ్మ దృష్టిలో మేం పట్నవాసులం. ప్రతి ఉత్తరంలోనూ "పట్నంలో వర్షాలు ఎలా ఉన్నాయి" అని తాతయ్య చేత రాయించేది.

ఎలా ఉంటాయంటే, కాకినాడ చూసినవాళ్ళంతా ముందు వీధుల్ని మెచ్చుకుంటారు, స్కేలు పెట్టి గీసినట్టున్నాయని. నిజమే. కానీ వీధి తిన్నగా ఉంటే నీళ్ళకి ఒరిగేదేముంది, వాటికి వాలు కావాలి. ఊరు అరచేతిలా చదును. కాలవల నీళ్ళు ఉప్పుటేరులో కలిసి సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీదుంటే ఉప్పుటేరే ఎదురు తన్నుతుంది. ఇక కాలవలో నీరు ఎక్కడిదక్కడే నిలబడిపోతుంది, తర్వాత కాలవ దాటి మన గుమ్మం దాకా వస్తుంది.

మమ్మల్ని స్కూలుకి దింపే రిక్షా తాతది ఏటిమొగ. ఆయన మబ్బుని చూసేవాడు కాదు, తిథి చూసేవాడు. "ఇయ్యాల ఏకాదశేగా బాబూ, సాయంత్రానికి లాగేత్తాది" అనేవాడు. అదే దీపావళి వానైతే పెదవి విరిచేవాడు. "అమాస పోటు బాబూ. రెండ్రోజులు నీరు కదల్దు." అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువని సైన్సు పుస్తకంలో చదవడానికి చాలా ముందే నాకు రిక్షాలో తెలిసింది. దీపావళి ఎప్పుడూ అమావాస్యే కదా. అంటే మా వీధిలో పండగ నీళ్ళు పంచాంగంలోనే రాసిపెట్టి ఉన్నట్టు.

పండగ బట్టలకి మెయిన్ రోడ్డుకి వెళ్ళడమంటే ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళడమే. వచ్చేటప్పుడు కోటయ్య కాజా పొట్లం మాత్రం నాన్నగారు గొడుగు మధ్యలో పట్టుకునేవారు. మేం అంచున తడుస్తూ నడిచేవాళ్ళం. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, గొట్టం కాజా విలువ అందరికీ తెలుసు.

బట్టలూ కాజాలూ అటుంచితే, మాకు అసలు పండగ బాబాయి గదిలో ఉండేది. బాబాయి మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుకునేవాడు. కొన్న టపాసులంటే ఆయనకి చులకన. మతాబులూ చిచ్చుబుడ్లూ ఇంట్లోనే కూరాలి. దసరా వెళ్ళిన మర్నాటి నుంచి పాత పేపర్లు రూళ్ళకర్ర మీద చుట్టి, మైదా ఉడకబెట్టిన జిగురుతో అంటించి, గొట్టాలు చేయడం నా పని. చెల్లి పని గొట్టాలు వరసగా నిలబెట్టడం, అవి పడిపోతే నన్ను తిట్టడం. సూరేకారం, గంధకం, బీడు రజను బాబాయి ఎక్కణ్ణుంచో కాగితం పొట్లాల్లో తెచ్చేవాడు. బొగ్గు మాత్రం జిల్లేడుదే కావాలి. "చేత్తో పట్టుకుంటే బరువు తెలీకూడదురా, అదీ బొగ్గంటే" అని, మామూలు కుంపటి బొగ్గు తెచ్చి ఇస్తే వెనక్కి పంపేవాడు. మందు కలిపే రోజు అమ్మ వంటింట్లో పొయ్యి ఆర్పేసి, తలుపు గడియ పెట్టి, మమ్మల్ని వీధి అరుగు మీదికి తోలేసేది. మేం కిటికీ ఊచల్లోంచి చూసేవాళ్ళం. బాబాయి చేతులు మోచేతుల దాకా బూడిదరంగు. మచ్చుకి ఒక చిచ్చుబుడ్డి కాల్చేవాడు. అది మామ్మగారి చూరు దాకా లేస్తే మందు కుదిరినట్టు. మామ్మగారు లోపల్నుంచి అరిస్తే ఇంకా బాగా కుదిరినట్టు.

(ఇప్పుడు నా పిల్లలు ఇలాంటి పని చేస్తానంటే ఒప్పుకుంటానా అంటే, ఒప్పుకోను. అది వేరే సంగతి.)

కూరడం అయ్యాక కావాల్సింది ఎండ. "నాలుగెండలు తగిలితే చాలు" అనేవాడు బాబాయి. ఆ నాలుగు ఎండలూ దొరకవు. చాప మీద పరవడం, చినుకు పడితే లోపలికి, తెరిపిస్తే బయటికి. స్కూల్లో కూర్చుని కిటికీలోంచి ఆకాశం చూసుకుంటూ ఉంటే మాస్టారు చెవి మెలేసేవారు.

ఇక నేను చెప్పాలనుకున్నది 1996 సంగతి. ఆ ఏడు దీపావళి నవంబరు 10న, ఆదివారం. ముందు ఆదివారానికే సామాను తయారు. సోమవారం ఒక్క ఎండ పడింది. మంగళవారం మధ్యాహ్నానికి ఆకాశం మూసేసింది. మతాబులు చేత్తో నొక్కితే ఇంకా మెత్తగానే ఉన్నాయి.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఉప్పు చెమ్మగిల్లకుండా అమ్మ ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యం గింజలు వేసేది. నాలుగు గింజలు ఒక డబ్బా ఉప్పుని కాపాడితే, డబ్బాడు బియ్యం నలభై మతాబుల్ని కాపాడవా? మా ఇంట్లో మూలన ఇనప రేకు డబ్బా ఉండేది, నా నడుం ఎత్తున. ఏటా తాతయ్య ఊరి నుంచి పంపే బియ్యం అందులో పోసేవాళ్ళు. స్వర్ణ బియ్యం. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన రకం. ఆ రోజుల్లో డెల్టాలో సార్వా, అంటే వానాకాలం వరి, చాలా చోట్ల అదే. మంగళవారం రాత్రి అందరూ పడుకున్నాక నేనూ చెల్లీ మతాబుల్ని, చిచ్చుబుడ్లని బియ్యంలో మోచేతి లోతుకి పాతిపెట్టి, పైన చదునుగా సర్దేశాం. బాబాయికి పొద్దున్నే అటక మీద పెట్టామని చెప్పాం.

బుధవారం పొద్దున్న రేడియోలో తుఫాను హెచ్చరిక. నాన్నగారు ఆఫీసుకి వెళ్తూ "పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో" అన్నారు, ఈ రోజు కూరేంటి అని అడిగినట్టు. అంతే. తుఫాన్లు మాకు కొత్త కాదు. ఇప్పట్లా దానికో పేరు కూడా లేదు. మన సముద్రాల్లో తుఫాన్లకి పేర్లు పెట్టడం 2004 నుంచే కదా. 2012లో దీపావళి ముందు వచ్చి మా వైపు చేలన్నీ ముంచేసింది 'నీలం' అని అందరికీ గుర్తే. ఇది మాత్రం ఇప్పటికీ "తొంభయ్యారు తుఫాను"గానే మిగిలిపోయింది.

మధ్యాహ్నం నాన్నగారు ఆఫీసు నుంచి ముందే వచ్చేశారు. ముఖంలో పొద్దుటి ధీమా లేదు. చీకటి పడేసరికి కరెంటు పోయింది. ఏడు గంటలకి మా వంటిల్లు మీద మొదటి పెంకు లేచింది. మామ్మగారు లాంతరు పట్టుకుని వచ్చి, "అమ్మాయ్, పిల్లల్ని తీసుకుని నా గదిలోకి వచ్చెయ్యండి, అది డాబా" అని కేకేశారు. అమ్మ ఒకటే అంది: "ముందు బియ్యం." నాన్నగారూ బాబాయీ ఆ డబ్బాని చెరో పక్కా పట్టుకుని, వాకిట్లో వానలో, మీద గోనెపట్టా కప్పి, ఈడ్చుకుంటూ డాబా గదిలో పెట్టారు. నేనూ చెల్లీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. మా దీపావళి క్షేమం.

తుఫాను గురించి చెప్పేవాళ్ళంతా గాలి హోరు గురించే చెప్తారు. నాకు గుర్తున్నది పెంకుల చప్పుడు. ఒక్కోటి లేచి, ఎదురింటి గోడకి తగిలి, టప్పుమని పగిలేది. చెల్లి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూటపన్నెండు దగ్గర నిద్రపోయింది. తలుపు వెనక రుబ్బురోలు అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించి నాన్నగారూ బాబాయీ కూర్చున్నారు. గాలి మొదట ఈశాన్యం నుంచి కొట్టింది. అర్ధరాత్రి వేళకి తూర్పు నుంచి, సముద్రం వైపు నుంచి కొట్టడం మొదలైంది. మామ్మగారు విష్ణు సహస్రనామం చదువుతూ మధ్యలో ఆగి, "గాలి తిరిగింది, ఇంక తగ్గుతుంది" అన్నారు. తగ్గడానికి తెల్లారింది. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, కాకినాడకి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటిందని తర్వాత తెలిసింది. దక్షిణంగా 50 కిలోమీటర్లంటే మా ఊరి వైపు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

పొద్దున్న వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు స్తంభాలు వంగి ఉన్నాయి. స్కూలు దగ్గరి పెద్ద చెట్టు రోడ్డుకి అడ్డంగా పడుకుంది. టపాసుల దుకాణం రేకులు లేచిపోయి, కాకరపువ్వొత్తుల అట్టపెట్టెలు కాలవలో తేలుకుంటూ పోతున్నాయి. ఇంకో రోజైతే దూకి పట్టుకునేవాళ్ళం. సముద్రం మా వైపు రాలేదు. ఊరికి ఎదురుగా సముద్రంలో పదహారు కిలోమీటర్ల పొడవున ఇసక మేట ఉంది, హోప్ ఐలాండ్ అంటారు, గోదావరి తెచ్చి పోసిన ఇసకే. "అదే మనకి అడ్డుగోడ నాయనా. కోరంగికి లేకపోయింది, అందుకే పోయింది" అన్నారు మామ్మగారు, నిన్న మొన్న జరిగినట్టు. ఆవిడ చెప్తున్నది 1839 తుఫాను గురించి. ఓడలు కట్టిన రేవు కోరంగి, ఆ దెబ్బకి మళ్ళీ లేవలేదు.

ఊరి కబురు లేదు. ఫోన్లు లేవు, బస్సులు లేవు. యానాం దగ్గర గోదావరి మీద ఇప్పుడున్న వంతెన అప్పటికి లేదు, ఎదుర్లంకకి పంటు మీద దాటాలి. గురువారం నాన్నగారు సైకిలు మీద బయల్దేరి, తాళ్ళరేవు దగ్గర రోడ్డంతా చెట్లేనని చీకటి పడ్డాక తిరిగొచ్చారు. అన్నం పెడితే బాబాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి, నా వైపు చూశాడు. నేను చారు కలుపుకుంటున్నాను. ఆయన ఏమీ అనకుండా తినేశాడు.

మతాబుల్ని ఆ పొద్దున్నే తీసేశాం. కానీ గంధకం వాసన పోలేదు. అమ్మ బియ్యం చేటలో పోసి చూసి, వాసన చూసి, "తుఫాను నీరు తగిలినట్టుంది, కంపు కొడుతున్నాయి" అని మూడుసార్లు కడిగింది. నీళ్ళకే కరువు, చేతిపంపు దగ్గర గంట నిలబడితే రెండు బిందెలు. అలాంటిది మూడు నీళ్ళు పోసి కడిగింది. అయినా అన్నం తినేటప్పుడు ఎక్కడో మచ్చుకి కాల్చిన చిచ్చుబుడ్డి గుర్తొచ్చేది. ఊళ్ళో కొట్లు తియ్యలేదు. పక్కవాటా వాళ్ళు, వెనక వీధి వాళ్ళు గ్లాసుతో అప్పుకి వస్తే అమ్మ అదే బియ్యం ఇచ్చింది. రిక్షా తాతకి కూడా ఒక సంచిలో పోసింది. ఎవరూ వాసన గురించి మాట్లాడలేదు. మాట్లాడే రోజులు కావవి.

శుక్రవారం నాన్నగారూ బాబాయీ రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి ఓ లారీ పట్టుకుని వెళ్ళారు. శనివారం పేపర్లో భైరవపాలెం పేరు చూశాను. అప్పటిదాకా ఆ ఊరుందనే నాకు తెలీదు. ఆ తుఫానులో పోయినవాళ్ళు వెయ్యికి పైనే, చాలామంది అలాంటి తీరం పల్లెలవాళ్ళూ, వేటకెళ్ళినవాళ్ళూ. రిక్షా తాత చిన్నల్లుడు సోమవారం బోటు మీద వేటకెళ్ళాడు. తాత రోజూ పొద్దున్నే జగన్నాథపురం వంతెన మీద నిలబడి ఉప్పుటేరులోకి వచ్చే బోట్లు చూసేవాడని తర్వాత విన్నాను. అల్లుడు రాలేదు.

ఆదివారం దీపావళి. నాన్నగారు ఇంకా తిరిగి రాలేదు. నూనె పొదుపు కాబట్టి అమ్మ రెండే ప్రమిదలు పెట్టింది, ఒకటి తులసికోట దగ్గర, ఒకటి గుమ్మంలో. మామ్మగారు వీధిలోకి వచ్చి పిల్లలందరినీ పిలిచి, "ఈ ఏడు టపాసులు వద్దర్రా" అన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రాత్రి మా వీధిలో ప్రమిదలు తప్ప ఇంకే వెలుగూ లేదు. వీధి చివర నిలబడి చూస్తే గుమ్మాలు ఎక్కడెక్కడున్నాయో తెలుస్తోంది, ఇళ్ళు కనపడటం లేదు. నేను అరుగు మీద కూర్చుని, నిజం చెప్పాలంటే, ఊరి గురించి ఆలోచించలేదు. నలభై మతాబుల గురించి ఆలోచించాను. పన్నెండేళ్ళు నాకు.

సోమవారం చీకటిపడ్డాక నాన్నగారూ బాబాయీ వచ్చారు. గడ్డం, మట్టి, భుజాన గోనెసంచి. "అందరూ ఉన్నారు" అన్నారు నాన్నగారు గుమ్మంలోనే. అమ్మ అప్పుడు ఏడ్చింది. ఇంటి కప్పు లేచిపోతే తాతయ్యా నాయనమ్మా ఆ రాత్రంతా రామాలయంలో ఉన్నారట. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయిందట. ఆకు కదల్లేదట. తగ్గిపోయిందనుకుని కొందరు ఇళ్ళకి బయల్దేరితే, తాతయ్య గుడి గుమ్మానికి అడ్డంగా నిలబడి వెళ్ళనివ్వలేదట. కాసేపటికి రెండో వైపు నుంచి మొదలైంది. మొదటి గాలికి వాలి నిలబడ్డ కొబ్బరి చెట్లు ఆ రెండో గాలికి వెళ్ళిపోయాయి. చేలో స్వర్ణ గింజ గట్టిపడే దశలో ఉంది. అదంతా నీళ్ళలో పడుకుంది.

గోనెసంచిలో కొబ్బరి మొవ్వులు. పడిపోయిన చెట్టు తల నరికి, లోపల తెల్లగా ఉండే లేత భాగం తీస్తారు. మామూలు రోజుల్లో అది ఎవరికీ దొరికేది కాదు. బాబాయి కత్తిపీట మీద ముక్కలు కోసి ఇచ్చాడు. కరకరలాడుతూ, లేత కొబ్బరికీ చెరుక్కీ మధ్య ఎక్కడో ఉండే తీపి. నేనూ చెల్లీ పోటీపడి తిన్నాం. "ఇంకోటి కొయ్యి బాబాయ్" అన్నాను. "ఎన్ని కావాలిరా, చాలానే ఉన్నాయి" అన్నాడు. అమ్మ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక చెట్టుకి ఒకే మొవ్వు. అది తీశాక చెట్టు లేదు. తాతయ్యకి యాభైమూడు చెట్లుండేవి, పదకొండు మిగిలాయి. కొత్త మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్ళు. ఈ లెక్క నేను వేసుకునేసరికి ఇంటర్‌లో ఉన్నాను.

నాగుల చవితికీ టపాసులు కాల్చలేదు. కార్తీక పౌర్ణమి ముందు తాతయ్య కాకినాడ వచ్చాడు, ఏవో కాగితాల పని మీద. సగం నల్లబడిపోయి, సగం చిక్కిపోయి ఉన్నాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. తన చేలో పండిన బియ్యం ఆయనకి తెలీదా.

"ఇదేంటమ్మా, అన్నం ఈ వాసనేంటి?"

"తుఫాను నీరు తగిలింది మావయ్యగారూ, ఎంత కడిగినా పోవట్లేదు."

"తుఫాను నీరు ఇలా ఉంటుందా? గంధకం వాసన కదా ఇది."

బాబాయి గోడ వైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. చెల్లి తట్టుకోలేకపోయింది. "అన్నయ్యే పెట్టాడు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వెనక వీధి వాళ్ళకి ఇచ్చిన గ్లాసులన్నీ ఆవిడ కళ్ళ ముందు కదిలినట్టున్నాయి. నాన్నగారు నా వైపు లేవబోయారు. తాతయ్య ఎడమ చేత్తో ఆపి, "అయితే మీరంతా మూడు వారాల్నుంచి మందు కూరుకుంటున్నారన్నమాట. కుంపటి దగ్గరికి పోకండి, పేల్తారు" అని, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. తుఫాను తర్వాత మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఇంకో ముద్ద కలిపి, అన్నం మొత్తం తిన్నాడు. గింజ వదల్లేదు.

పౌర్ణమి రాత్రి మామ్మగారే వచ్చి, "ఇంకెన్నాళ్ళు దాచుకుంటార్రా, కాల్చెయ్యండి" అన్నారు. మతాబులు నిక్షేపంలా ఉన్నాయి. బియ్యం నిజంగానే చెమ్మంతా లాగేసింది. ఒక్కటి కూడా తుస్సుమనలేదు. బాబాయి "నాలుగెండలు తగిలినా ఇలా ఎండవు" అని అందరితోనూ చెప్పుకున్నాడు. నాన్నగారికి వినపడకుండా.

మర్నాడు పొద్దున్న తాతయ్య ఊరికి బయల్దేరుతూ నన్ను పక్కకి పిలిచాడు.

"ఇంకేమైనా మిగిలాయేమిట్రా?"

"రెండు మతాబులున్నాయి తాతయ్యా."

"ఇటివ్వు. మీ నాయనమ్మకి వెలిగించి చూపిస్తాను."

కాగితంలో చుట్టి ఇచ్చాను. చేతిసంచిలో బట్టల మధ్య పెట్టుకున్నాడు. అమ్మ సోలెడు బియ్యం పోసి మూటకట్టి ఇస్తే అవీ పెట్టుకున్నాడు. అక్కడ ఇంకా కరెంటు రాలేదు.